చిన్న ఫ్లాట్, జానెడు బాల్కనీ: నేలను ఖాళీ చేసుకోవడం ఎలా?

బెడ్రూమ్ తలుపు పూర్తిగా తెరుచుకోదు. దాని వెనక ఇస్త్రీ బల్ల, చుట్టిన చాప, సూట్‌కేసు నిలబెట్టి ఉంటాయి. డైనింగ్ టేబుల్ మీద కరెంటు బిల్లు, పిల్లల పుస్తకాలు, పచ్చడి సీసాలు. బాల్కనీలో పోయినేడు పాడైన కూలర్. మీ ఇల్లూ ఇలాగే ఉంటే ఇది మీకోసమే. మేము హైదరాబాద్‌లో 900 చదరపు అడుగుల డబుల్ బెడ్రూమ్ ఫ్లాట్‌లో తొమ్మిదేళ్లుగా ఉంటున్నాం. ఉండేది నలుగురం. ఏడాదిలో నాలుగైదు నెలలు అత్తయ్యగారు కూడా మాతోనే ఉంటారు. ఈ తొమ్మిదేళ్లలో చేసి చూసినవి, చేసి తీసేసినవి, మళ్లీ చేయాల్సి వస్తే ఏ వరుసలో చేస్తానో ఆ వరుసలోనే చెబుతాను.

అమలాపురం దగ్గర పల్లెలో మా అమ్మమ్మ వాళ్ల ఇల్లు మరీ పెద్దదేం కాదు. పది మంది ఉండేవారు. అయినా పగటిపూట కాళ్లకి అడ్డంగా ఒక్క వస్తువు తగిలేది కాదు. నులక మంచాలు పొద్దున్నే గోడకి ఎక్కేవి. చొక్కాలు చిలక్కొయ్యకి, తడి బట్టలు దండెం మీద, పాలూ పెరుగూ ఉట్టి మీద, గంగాళాలు అటక మీద, దీపం గూట్లో. భోషాణం లోపల పట్టుచీరలు, ఇత్తడి సామాను ఉండేవి. రాత్రి దాని మీదే తాతయ్య పడుకునేవారు. నేల మనుషులది, గోడా పైకప్పూ సామానువి అన్నట్టు నడిచిన ఇల్లది. నేను చెప్పబోయే పనులన్నీ ఆ ఇంట్లో చూసినవాటికి ఇప్పటి రూపాలే.

మొదట టేపు, పాత పేపర్లు

ఏదీ కొనకముందు, వడ్రంగిని పిలవకముందు ఒక ఆదివారం పొద్దున్న టేపు పట్టుకుని ఇల్లంతా కొలవండి. గది పొడవు, వెడల్పులతో ఆపకండి. నేల నుంచి సీలింగ్ ఎంత, కిటికీ ఎంత ఎత్తులో మొదలవుతుంది, స్విచ్‌బోర్డులు ఎక్కడున్నాయి, ఏ తలుపు ఎటు తెరుచుకుంటుంది, అన్నీ రాయండి. గళ్ల కాగితం మీద ఒక గడిని అర అడుగుగా పెట్టుకుని గీస్తే గది మొత్తం ఒక్క చూపులో అర్థమవుతుంది.

ఒక లెక్క చూడండి. మూడడుగుల తలుపు తెరిచి మూయడానికి దాదాపు 7 చదరపు అడుగుల నేల కావాలి. అక్కడ మీరు ఏమీ పెట్టలేరు. ఆరడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవున్న డబుల్ కాట్ 39 చదరపు అడుగులు మింగుతుంది. 10 అడుగులకి 11 అడుగుల గదిలో అది మూడో వంతుకి పైనే. గదిలో స్థలం ఎటు పోతోందో ఈ రెండు అంకెలతోనే సగం తెలిసిపోతుంది.

మనిషి ఇబ్బంది లేకుండా నడవడానికి రెండున్నర అడుగుల దారి ఉండాలి. మామూలు తలుపుల బీరువా ముందు మూడడుగులు వదలాలి. పక్కకి జరిగే తలుపులైతే రెండడుగులు సరిపోతుంది.

ఇప్పుడు పాత దినపత్రికలు తీయండి. కొనాలనుకుంటున్న సోఫా, మంచం, టేబుల్ ఎంత సైజో అంత సైజుకి పేపర్లు అతికించి నేల మీద పరవండి. రెండు రోజులు అలాగే వదిలి, దాని చుట్టూ తిరుగుతూ మీ పనులు చేసుకోండి. మేము ఎల్ ఆకారపు సోఫా కొందామనుకుని ఇలా పరిచాం. రాత్రి మంచినీళ్లకి లేచిన అత్తయ్యగారు ఆ కాగితాన్ని తొక్కుకుంటూ వెళ్లారు. "అమ్మాయ్, సోఫా ఇక్కడికి వస్తే చీకట్లో నా మోకాలికి తగులుతుందమ్మా" అన్నారు. ఆ సోఫా మానేశాం. మూడు సీట్ల సోఫా, రెండు తేలికపాటి కుర్చీలు తెచ్చాం. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అయ్యో అనిపించలేదు.

కొనే ముందు తీసేయండి

ఇల్లు సర్దుదామని అనుకోగానే అందరం బుట్టలు, డబ్బాలు, ఆర్గనైజర్లు కొనేస్తాం. దయచేసి ఆగండి. వాటిలో పెట్టేదేంటో తేలకుండా కొంటే అవే ఇంకో సామాను అవుతాయి.

ఒక్కో అల్మారా ఖాళీ చేసి రోజూ వాడేవి, వారానికోసారి వాడేవి, ఏడాదికోసారి తీసేవి, అసలు ముట్టుకోనివి అని విడదీయండి. రోజువారీవి మోకాలి ఎత్తు నుంచి కంటి ఎత్తు లోపలే ఉండాలి. వారానికోసారివి ఆ పైన, చేయి అందేంత వరకు. అటక మీదికి ఏడాదికోసారివే వెళ్లాలి: వినాయక చవితి పాలవెల్లి, బొమ్మల కొలువు మెట్లు, చలికాలం రగ్గులు. అట్టపెట్టె మూసేముందు లోపల ఏమున్నాయో ఫోన్‌లో ఫొటో తీసి, కిందనుంచి కనిపించే వైపు పెద్ద అక్షరాలతో రాయండి. లేదంటే చాట కోసం మూడు పెట్టెలు దించాల్సి వస్తుంది.

ఖాళీ సూట్‌కేసు ఇంట్లో ఉండకూడదు. స్వెటర్లు, పెద్ద దుప్పట్లు వాటిలోకే వెళ్లాలి. పెద్ద గిన్నెలకీ ఇదే మాట. మా ఇంట్లో అమ్మమ్మ ఇచ్చిన ఇత్తడి గంగాళం ఉంది, వదులుకోలేను. అందులో పండగ సామాను సర్ది మూత పెట్టి అటక ఎక్కించాను. జ్ఞాపకంగా దాచుకున్న వస్తువుకి కూడా ఒక పని అప్పజెబితే దాని చోటు మీద ఇంట్లో గొడవ రాదు.

గోడ బరువు మోస్తుందో లేదో చూడండి

గోడకి అరలు కొట్టడం ఎవరైనా చెబుతారు. ఏ గోడకి కొట్టాలన్నది మాత్రం చెప్పరు. నాకు ఇది ఖరీదైన పాఠం. హాల్లో పిల్లల పుస్తకాలకి నాలుగడుగుల అర పెట్టించాం. రెండు నెలలకి ఒక మధ్యాహ్నం అర మొత్తం ప్లగ్గులతో సహా ఊడి పడింది. పిల్లలు బడిలో ఉన్నారు కాబట్టి సరిపోయింది. గోడలో మిగిలిన రంధ్రాల్లోంచి తెల్లటి పొడి రాలింది. అది నాలుగంగుళాల తేలిక ఇటుక గోడ. కొత్త అపార్ట్‌మెంట్లలో గదుల మధ్య గోడలు చాలావరకు ఇలాంటివే.

కాబట్టి ముందు గోడను వేలి కణుపుతో తట్టి చూడండి. డొల్లగా మోగుతోందా, గట్టిగా ఉందా? తర్వాత కనపడని చోట చిన్న రంధ్రం వేయించండి. ఎర్రపొడి వస్తే మట్టి ఇటుక. బూడిదరంగు పొడి వచ్చి, డ్రిల్లు కష్టం మీద దిగుతుంటే కాంక్రీటు. తెల్లగా, మెత్తగా, సులువుగా దిగిపోతే తేలిక ఇటుక. ఈ మూడో రకం గోడకి మామూలు ప్లాస్టిక్ ప్లగ్గులు పట్టవు. దానికోసమే చేసిన పొడవాటి యాంకర్లు హార్డ్‌వేర్ షాపులో అడిగి తీసుకోవాలి. అవి దొరికినా పుస్తకాల బరువు మాత్రం వేయకండి. అడుగు పొడవు పుస్తకాల వరుస 10 కిలోల దాకా తూగుతుంది. మా రెండో వడ్రంగి ఆ గోడ చూడగానే, "మేడమ్, ఇది బరువు పట్టదు. కింద కాళ్లు పెట్టి నిలబెడదాం, పైన పడకుండా మాత్రం గోడకి బిగిద్దాం" అన్నాడు. బరువంతా నేల మీదికి దిగే సన్నటి, పొడవాటి అల్మారా అలా వచ్చింది. పది అంగుళాల లోతు, ఏడడుగుల ఎత్తు. అర ఊడినచోటే అది నిలబడి ఉంది.

మొత్తం బరువు గోడ మీదే వేయాలంటే బీములు, కాంక్రీటు స్తంభాలు ఎక్కడున్నాయో చూసుకుని వాటికి బిగించండి. డ్రిల్ చేసేముందు స్విచ్‌బోర్డుకి నేరుగా పైనా కిందా, కుళాయికి నేరుగా పైనా కిందా వదిలేయండి. వైర్లు, పైపులు సాధారణంగా ఆ గీతలోనే వెళ్తాయి.

గుమ్మాల మీద, సీలింగ్‌కి అడుగున్నర కిందుగా గది చుట్టూ తొమ్మిది అంగుళాల అర ఒకటి పరిగెత్తిస్తే తేలిక సామానుకి బోలెడు చోటు వస్తుంది. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ అయితే ప్రతి రెండున్నర అడుగులకి ఒక బ్రాకెట్ ఉండాలి. లేకపోతే ఏడాది తిరిగేసరికి మధ్యలో వంగుతుంది. ఇది ఏ గోడ మీద వచ్చినా బరువులు మాత్రం ఎక్కించకండి.

చెక్క గురించి ఒక్క మాట. వంటింట్లో, బాత్రూమ్ గోడకి ఆనుకున్న చోట ఎండీఎఫ్ (చెక్కపొడిని జిగురుతో అదిమి చేసిన పలక) పెట్టించకండి. తడి తగిలితే అప్పడంలా ఉబ్బుతుంది. ఐఎస్ 710 గుర్తున్న ప్లైవుడ్ అడగండి. అది నీటిని తట్టుకునే రకం. డబ్బు తక్కువుంటే అరలు తగ్గించుకోండి కానీ చెక్క రకం తగ్గించకండి.

మంచం కింద ఒక గది ఉంది

మంచం నేలలో మూడో వంతు తీసుకుంటోందని కదా అనుకున్నాం. ఆ మూడో వంతుని తిరిగి రాబట్టాలి. అమ్మమ్మ వాళ్ల భోషాణం చేసిన పని ఇదే.

రెండు దారులున్నాయి. ఒకటి, పక్కల సొరుగులు. ఇవి పూర్తిగా లాగాలంటే మంచం పక్కన రెండడుగులు ఖాళీ ఉండాలి. చిన్న గదిలో ఆ ఖాళీ ఉండదు కాబట్టి సొరుగు సగమే తెరుచుకుంటుంది, లోపలి సగం వృథా. రెండోది, పరుపుతో సహా పైకి లేచే హైడ్రాలిక్ మంచం. చిన్న గదికి ఇదే మంచిది. కొనేటప్పుడు పరుపు బరువు ఎంతో షాపువాళ్లకి చెప్పండి. మంచాన్ని పైకెత్తే గ్యాస్ పంపు ఆ బరువుకి సరిపోయేది కాకపోతే ఎత్తిన పరుపు చేయి వదలగానే కిందికి దిగుతుంది. మన దూది పరుపులు ఫోమ్ పరుపులకంటే చాలా బరువు, అది గుర్తుంచుకోండి. షాపులోనే ఐదారుసార్లు ఎత్తి, దించి, ఎత్తి ఉంచిన పరుపు కదలకుండా నిలబడుతోందో లేదో చూడండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లకి రోజూ కావాల్సినవి ఇందులో పెట్టకండి.

వానాకాలంలో మంచం పెట్టెలో ముక్కిన వాసన వస్తుంది. వడ్రంగి చేత చేయిస్తుంటే పక్క పలకలకి నాలుగైదు గాలి రంధ్రాలు పెట్టించండి. నెలకోసారి ఒక పూట తెరిచి ఫ్యాన్ వేయండి. పట్టుచీరలు పాత కాటన్ గుడ్డలో చుట్టి పెట్టండి, ప్లాస్టిక్ కవర్లో వద్దు.

పిల్లలిద్దరికీ ఒక గదే అయితే ఒకదాని మీద ఒకటి ఉండే మంచాలు అందరికీ నచ్చుతాయి. మనలాంటి వేడి ప్రాంతాల్లో ఒక ప్రమాదం ఉంది: సీలింగ్ ఫ్యాన్. పై మంచం మీద కూర్చున్న పిల్లాడు చేయి పైకెత్తితే రెక్కలకి తగలొచ్చు. అలాంటి మంచం పెట్టే గదిలో సీలింగ్ ఫ్యాన్ తీసేసి గోడ ఫ్యాన్లు పెట్టించండి. అది కుదరకపోతే ఆ మంచం ఆలోచనే మానేయండి. దీని బదులు పెద్ద మంచం కిందనుంచి చక్రాల మీద లాగే చిన్న మంచం చాలా నయం. పగలు లోపలికి నెట్టేస్తే నేలంతా ఆటకి ఖాళీ.

చుట్టాలకోసం సోఫా కమ్ బెడ్ కొనమని నేను చెప్పను. మేము వాడినది కూర్చోవడానికి గట్టిగా, పడుకోవడానికి ఎగుడుదిగుడుగా ఉండేది. విప్పడానికి టీపాయ్ జరపాలి, తివాచీ మడవాలి. ఒక మడత మంచం, ఒక మంచి పరుపు చుట్ట ఉంచుకోండి. మడిచిన మంచం బీరువాకీ గోడకీ మధ్య ఆరంగుళాల సందులో పట్టేస్తుంది.

వంటింట్లో ఒక్క వరుస చాలు

వంటింటి అరలు లోతుగా ఉంటే ఎక్కువ పడతాయనుకుంటాం. వెనక వరుసలోకి వెళ్లిన డబ్బా మళ్లీ కనపడదు. కందిపప్పు ఉందని తెలియక ఇంకో కిలో తెస్తాం. అందుకే పప్పులు, పోపు సామాను డబ్బాలకి ఐదారంగుళాల లోతున్న సన్నటి అరలు పెట్టించండి. ఒక అరకి ఒకే వరుస. అన్నీ ఎదురుగా కనిపిస్తాయి. ఇంత సన్నటి అర తలుపు వెనక గోడకీ, ఫ్రిజ్ పక్క సందులోకీ, గట్టు మీద టైల్స్ గోడకీ సరిపోతుంది. గుండ్రటి డబ్బాలకంటే చతురస్రపు డబ్బాలు మంచివి. గుండ్రటివి పక్కపక్కన పెట్టినప్పుడు మధ్యలో పోయే ఖాళీ ఐదో వంతుకి పైనే ఉంటుంది.

గట్టు మీద ఏముండాలో మీరే నిర్ణయించుకోండి. మా ఇంట్లో స్టవ్, మిక్సీ, మంచినీళ్లు అంతే. అట్లకాడ, గరిటెలు, చిల్లుల గరిటె గోడకి కొట్టిన స్టీలు కడ్డీకి వేలాడతాయి. కుక్కర్ మూతలు, పెనం మూతలు అల్మారా తలుపు లోపలివైపు. వెట్ గ్రైండర్ బరువైంది కాబట్టి దాన్ని పైన ఎక్కడా పెట్టకూడదు. గట్టు కింద చక్రాల పలక మీద పెట్టి, కావాల్సినప్పుడు బయటికి లాగండి. చక్రాలకి లాక్ ఉండాలి.

బియ్యం డబ్బా కూడా అలాగే. 25 కిలోల బస్తా మొత్తం పట్టాలంటే 35 లీటర్ల డబ్బా కావాలి. అది గుండ్రంగా కాకుండా సన్నగా, పొడవుగా ఉంటే గట్టు కింద సర్దుకుంటుంది.

సిలిండర్ విషయంలో మాత్రం చోటు కోసం ఏ రాజీ వద్దు. 14.2 కిలోల సిలిండర్ నిలువుగానే ఉండాలి, స్టవ్ దానికంటే ఎత్తులో ఉండాలి. వంటగ్యాస్ గాలికంటే బరువు. లీకైతే కిందనే పేరుకుంటుంది. సిలిండర్ పెట్టిన అల్మారా తలుపుకి అడుగున గాలి వెళ్లే జాలీ తప్పకుండా పెట్టించండి. రెగ్యులేటర్ దగ్గరికి చేయి సులువుగా వెళ్లాలి. దాని ముందు ఉల్లిపాయల బుట్ట పెట్టకండి.

ఉల్లిపాయలకి నేను ఉట్టే కట్టాను. కిటికీ పక్కన కొక్కేనికి మూడంతస్తుల తీగ బుట్ట వేలాడదీశాను. పైన వెల్లుల్లి, కింది రెండిట్లో ఉల్లి. గాలి తగులుతుంది కాబట్టి త్వరగా కుళ్లవు, మొలకెత్తవు.

చిన్న మార్పులు కొన్ని

బట్టలారేసే స్టాండు తీసేయండి. అది రోజంతా నేలని కట్టేస్తుంది. తాళ్లు లాగితే ఒక్కో గొట్టం విడిగా కిందికి దిగే సీలింగ్ హ్యాంగర్ బాల్కనీ పైకప్పుకి బిగిస్తే దండెం మళ్లీ ఇంట్లోకి వచ్చినట్టే. తడి బట్టలు బరువు కాబట్టి దాన్ని కాంక్రీటు స్లాబుకే బిగించాలి, ఫాల్స్ సీలింగ్‌కి కాదు.

పిల్లలు చదువుకునే బల్ల గోడకి మడిచేది పెట్టించండి. రెండడుగులకి మూడడుగుల పలక, కింద మడత బ్రాకెట్లు. దీనికి గట్టి గోడే కావాలి. పిల్లలు దాని మీద వాలతారు, ఒక్కోసారి ఎక్కుతారు కూడా.

చెప్పుల స్టాండు అపార్ట్‌మెంట్ కారిడార్‌లో పెట్టకండి. నిప్పు అంటుకున్నా, స్ట్రెచర్ తేవాల్సి వచ్చినా అందరికీ దారి అదే. ఆరంగుళాల లోతులో చెప్పులు ఏటవాలుగా పట్టే సన్నటి ర్యాకులు దొరుకుతాయి. గుమ్మం లోపల తలుపు పక్కన అది చాలు.

బాల్కనీ: ముందు బరువు లెక్క

మొక్కలంటే ప్రాణం ఉన్నవాళ్లు కూడా ఈ లెక్క వేయరు. పన్నెండు అంగుళాల కుండీలో తోట మట్టి నింపి నీళ్లు పోస్తే 20 నుంచి 25 కిలోలు తూగుతుంది. ఇళ్ల బాల్కనీలను చదరపు మీటరుకి కనీసం 300 కిలోల బరువుకి, మనుషులు తిరిగే డాబాలను 150 కిలోల బరువుకి డిజైన్ చేయాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 875 చెబుతుంది. డాబా మీద ఒకదానికొకటి ఆనించి ఇలాంటి కుండీలు నింపేస్తే చదరపు మీటరుకి 200 కిలోలు దాటిపోతుంది. అంటే మట్టి కుండీలతో డాబా మొత్తం నింపకూడదు. గోడలు, బీముల మీదుగా మాత్రమే వరుసలు పెట్టాలి. బాల్కనీలో బరువైనవి లోపలి గోడ వైపు ఉండాలి, అంచున తేలికవే. పాత బిల్డింగ్ అయితే, స్లాబు కింద పగుళ్లు కనిపిస్తే ముందు ఇంజినీరుకి చూపించండి. రెయిలింగ్‌కి బయటివైపు కుండీలు వేలాడదీయకండి. కింద మనుషులు నడుస్తారు.

బరువు తగ్గించే మార్గం మట్టిలోనే ఉంది. ఒక వంతు ఎర్రమట్టి, ఒక వంతు వర్మీకంపోస్ట్, ఒక వంతు కొబ్బరిపొట్టు, కుండీకి గుప్పెడు వేపపిండి. 5 కిలోల కొబ్బరిపొట్టు దిమ్మెను టబ్బులో నానబెడితే విచ్చుకుని 60 లీటర్లకి పైగా అవుతుంది. మొదటి నీళ్లు పారబోసి, మళ్లీ కడిగి వాడండి, అందులో ఉప్పు ఉంటుంది. ఈ మిశ్రమంతో అదే కుండీ చాలా తేలికవుతుంది. తేమ కూడా ఎక్కువసేపు నిలుస్తుంది.

ఇక ఎండ. ఒక సెలవు రోజు పొద్దున్న ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా గంటకోసారి ఎండ ఎక్కడ పడుతోందో సుద్దతో గీత గీయండి. నాలుగు గంటలు పడే చోట తోటకూర, పాలకూర, మెంతికూర. అంతకంటే తక్కువైతే పుదీనా, వాము ఆకు. ఆరు గంటలు దాటితే వంగ, టమాటా, మిర్చి, తీగలు. తూర్పు బాల్కనీ దొరికినవాళ్లు అదృష్టవంతులు. పడమటి బాల్కనీలో ఏప్రిల్, మే నెలల్లో సగం ఎండ ఆపే షేడ్‌నెట్ కట్టకపోతే మొక్కలు మాడిపోతాయి.

ఇప్పుడు నేలను ఖాళీ చేద్దాం. నాలుగడుగులకి పదడుగుల బాల్కనీ అనుకోండి. లోపలి గోడకి మెట్లమెట్లుగా ఉండే ఇనుప స్టాండు ఒకటి నిలబెట్టండి. పై మెట్టుకి ఎండ ఎక్కువ, కింది మెట్టుకి తక్కువ కాబట్టి మొక్కలు ఆ వరుసలోనే పెట్టండి. ఆకుకూరలకి ఆరంగుళాల లోతు సరిపోతుంది, పెద్ద కుండీలు దండగ. గోడకీ కుండీలకీ మధ్య రెండంగుళాల ఖాళీ ఉండాలి. గోడకి నేరుగా వేలాడే జేబుల సంచులు చూడ్డానికి బాగుంటాయి. మా ఇంట్లో ఒక వానాకాలం గడిచేసరికి వాటి వెనక గోడ చెమ్మెక్కి, లోపలి గదిలో పెయింట్ పొరలుగా లేచింది. మళ్లీ పెట్టలేదు.

చివరి మూలలో ఒక పెద్ద గ్రో బ్యాగ్ (మొక్కలు పెంచే సంచి) పెట్టి తీగ బచ్చలి వేయండి. నా దృష్టిలో అపార్ట్‌మెంట్ వాళ్లకి బచ్చలిని మించిన మొక్క లేదు. మార్కెట్లో కొన్న కట్టలోంచి లావుపాటి కాడ ఒకటి తీసి, అడుగు ఆకులు తుంచి, రెండు కణుపులు మట్టిలోకి దిగేలా గుచ్చండి. పది, పదిహేను రోజుల్లో కొత్త చిగురు వస్తుంది. సీలింగ్ దాకా రెండు నైలాన్ తాళ్లు కడితే అదే పాకుతుంది. నేల మీద తీసుకునేది ఒక్క చదరపు అడుగు, ఆకు మాత్రం పైదాకా. కొసలు తుంచుతూ ఉంటే పక్క కొమ్మలు వేస్తుంది. వారానికి ఒకసారి పప్పులోకి కరువుండదు.

తోటకూర గింజలు ఆవగింజకంటే సన్నం. ఇసుకలో కలిపి చల్లితే ఒకేచోట గుట్టగా పడవు. 25 నుంచి 30 రోజుల్లో మొదటి కోత. ఒకేసారి అన్ని తొట్లలో చల్లకండి. పది రోజులకొక తొట్టి చొప్పున చల్లితే ఎప్పుడూ ఒకటి కోతకి సిద్ధంగా ఉంటుంది. చోటు తక్కువున్నవాళ్లకి ఈ వరుస చాలా ముఖ్యం.

బీర పాకిస్తే పూలొస్తాయి కానీ పిందెలు పసుపెక్కి రాలిపోతాయి. పై అంతస్తులకి తేనెటీగలు పెద్దగా రావు. బీర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. అప్పుడే మగపువ్వు ఒకటి తుంచి, రేకులు తీసేసి, అడుగున చిన్న పిందె ఉన్న ఆడపువ్వు మధ్యలో మెల్లగా రాయండి. రెండు మూడు రోజుల్లో పిందె లావెక్కడం మొదలుపెడితే నిలిచినట్టే. ఆఫీసునుంచి వచ్చేసరికి నేను బాల్కనీలోనే కనిపిస్తానని మా పిల్లల నాన్న అంటారు. ఆ పది నిమిషాలు నాకు నిజంగా ఇష్టం.

కుండీల కింద పళ్లేలు పెడితే పక్కింటికి నీళ్లు కారవు. ఆ నీళ్లు నిలవ ఉంటే దోమలు గుడ్లు పెడతాయి, వారం పది రోజుల్లో ఎగిరే దోమలవుతాయి. అందుకే వారానికి ఒక రోజు పెట్టుకుని పళ్లేలన్నీ వంచి, తుడిచి, ఆరబెట్టండి. మాకు శుక్రవారం. ఊరెళ్తున్నప్పుడు పళ్లేలు తీసేసి, కుండీలన్నీ నీడకి జరిపి, మట్టి మీద ఎండుటాకులో కొబ్బరిపీచో పరిచి వెళ్తే మూడు నాలుగు రోజులు తట్టుకుంటాయి.

సొంత ఇల్లు, మూరెడు పెరడు ఉంటే

వంద గజాల లోపు స్థలంలో ఇల్లు కట్టుకున్నవాళ్లకి ప్రహరీకీ ఇంటికీ మధ్య మూడడుగుల సందు మిగులుతుంది. అందులో మొక్కలు నేల మీద వరసగా పెడితే నడవడానికి ఉండదు. సందు మీదుగా ఏడడుగుల ఎత్తులో ప్రహరీ మీద నిలబెట్టిన గొట్టాలకీ ఇంటి గోడకీ జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) తీగలు అడ్డంగా లాగి దొండపాదు ఎక్కించండి. కింద బట్టలుతికే బండ, గిన్నెలు కడిగే చోటు అలాగే ఉంటాయి, వేసవిలో వాటికి నీడ వస్తుంది. దొండకి విత్తనం అక్కర్లేదు. బాగా కాస్తున్న పాదు నుంచి పెన్సిల్ లావు కొమ్మ, మూడు నాలుగు కణుపులున్నది, తొలకరి వానలకి నాటితే దసరా నాటికి కాయలు మొదలవుతాయి. పాదు చిక్కిపోయి ఆకు పల్చబడినప్పుడు కొమ్మలు బాగా కత్తిరించి, మొదలు దగ్గర రెండు తట్టల పశువుల ఎరువు వేయండి. మళ్లీ చిగురించి కాస్తుంది. ఇలా రెండు మూడేళ్లు అదే పాదు వస్తుంది.

తీగలు బిగించేటప్పుడు ఒక చివర బిగింపు మర ఉండే కొక్కెం పెట్టండి. కాయల బరువుకి తీగ సాగితే మర తిప్పి లాగొచ్చు, పాదు కదపక్కర్లేదు.